సగం గడ్డం

ఆదివారం. నల్లా వచ్చే రోజు కాదు.
నిన్న పట్టిన బకెట్ల నుంచి ఒక చెంబెడు ముంచి
గ్యాసు మీద పెట్టిన.
"చాయ్‌కా?" అన్నది లోపల్నుంచి సుగుణ.
"గడ్డానికి."
ఆమె ఇంకేం అనలే.
మా ఇంట్ల అది కూడ ఒక మాటనే.

కత్తి జుమ్మెరాత్ బజార్ల దొరికింది.
తుప్పు తాళాలు, తలకాయ లేని నల్లాలు, ఒంటి చెప్పుల నడుమ
మడుచుకొని పడుకున్నది,
కొమ్ము పిడి ఒక పక్క పగిలి.
నూటెనభై అన్నడు.
బొటనగోటి మీద ఆనించి చూసిన.
బాలానగర్‌ల ముప్పై రెండేండ్లు
గ్రైండింగ్ మిషన్ ముంగట అంచులు చూసిన గోరది,
తుప్పు కింద ఉక్కు ఇంకా బతికే ఉన్నదని చెప్పింది.
నూటిరవైకి ఇచ్చిండు.

సాన పట్టుడు నాకొచ్చు. గీసుడు రాదు.
మెట్టుగూడల బాలనర్సు దగ్గరికి పోయిన.
ఆయన షాపుల ఇప్పుడన్నీ సగం బ్లేడ్లే,
ఒక మొఖానికి వాడి పారేసేటివి.
నా కత్తి విప్పి, వెలుతురుకు పెట్టి,
చాలాసేపు ఏం మాట్లాడలే.
కుర్చీల గిరాకీ దగ్గిండు.
అప్పుడు గోడకు ఉత్తగ వేలాడుతున్న తోలుపట్టీ దులిపి
"వీపు ముందు పోవాలె, అంచు వెనక రావాలె.
బర్రె ముందు, దూడ వెనక.
దూడ ముందుకొచ్చిందా, తోలు ఖరాబు" అన్నడు.

బ్రష్ నానింది.
గిన్నెల సబ్బు తిప్పుతుంటే
మొదలు పెద్ద బుడగలు, గలగల.
తిప్పంగ తిప్పంగ చప్పుడు పోతది.
చప్పుడు పోయిందంటే నురుగు అయ్యింది.
మా అమ్మ వెన్నను చెవితోనే చూసేది.

వేడి తువ్వాల మొఖం మీద.
కొంచెంసేపు చీకటి, ఆవిరి,
పక్క పోర్షన్ల ఎవరిదో కుక్కర్ మూడో విజిల్.

ఎడమచేత్తో చెవి దగ్గర చర్మం పైకి గుంజి
దించిన.
ఆ చప్పుడుకు అక్షరం లేదు.
ఎండిన జొన్నాకు మీద వేలు గీసినట్టా?
కాదు.
చేటల నూకలు జారినట్టు, కొంచెం.
పుర్రె లోపల వినబడేది,
పక్కనున్నోళ్ళకు రాదు.

ఒక చెంప అయ్యింది.
బెల్ మోగింది.

డెలివరీ పిల్లగాడు, సంచిల సుగుణ తెప్పించిన చింతపండు.
పై పెదవి మీద ఇంకా నూగే.
"ఓటీపీ" అనబోయి ఆగిండు.
సగం మనిషి, సగం నురుగు, చేతిల కత్తి.
ఒకడుగు వెనకకేసిండు.
"భయపడకు బిడ్డా, ఇది నా మెడకే."
నవ్విండు. ఫోన్ల టైమ్ చూసుకున్నడు.
"రెండు నిమిషాలున్నయ్ అంకుల్. చూడనా?"

వరండల అద్దం పక్కన
హెల్మెట్ చంకల పెట్టుకొని నిలబడ్డడు.
పేరు ఇస్తారి. జడ్చర్ల దిక్కు.
కత్తి గొంతు మీదికి వచ్చినప్పుడు
ఊపిరి బిగబట్టింది వాడే.
గొంతుముడి మీద చర్మం పక్కకు జరపాలంటే
గుటకేసి ఆగాలె.
ఇద్దరం గుటకేసినం.

"తెగదా అంకుల్?"
"తొందరపడితే తెగుతది."
అన్నంక వాడి బండి యాదికొచ్చింది,
వాడి పది నిమిషాలు,
మోచేతి మీద ఇంకా మానని గీరుడు.
మాట వెనకకు తీసుకుందామంటే
వాడు అప్పటికే మెట్లు దిగుతున్నడు,
రెండేసి మెట్లు ఒక్కసారి.

చల్లనీళ్ళు. పటిక.
గదవ కింద ఎక్కడ్నో చురుక్కుమన్నది. వెతకలే.
కత్తి కడిగి, తుడిచి,
అంచుకు నూనె చుక్క పూసి మడిచిన.
ఫ్యాను గాలి తగులుతుంటే
చెంప నాది కానట్టు, ఇప్పుడే ఎవరో అరువిచ్చినట్టు
తడుముకుంట కూసున్న.

సుగుణ చింతపండు సంచి తీసుకుంట
వేలి వెనక దిక్కుతో ఒకసారి తాకి చూసింది.
"చెవి కింద మిగిలింది" అన్నది.